నెలకి 120 చీరలు, చూసుకునేది ఇద్దరమే: ఫొటోలు, లిస్టింగ్, వాట్సాప్, జీఎస్టీల్లో ఏవి ఫ్రీలాన్సర్లకి ఇవ్వొచ్చు?

మగ్గం అంచు

నమస్కారం అండీ. మంగళగిరిలో చేనేత చీరల వ్యాపారం మాది. కాటన్, సికో (పట్టు, నూలు కలిపి నేసినవి) రెండూ అమ్ముతాం. అమ్మకాలన్నీ వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, సొంత వెబ్‌సైట్ మీదే. హైదరాబాద్, బెంగళూరు ఆర్డర్లు ఎక్కువ. టర్నోవర్ కోటి లోపు. జీఎస్టీ ఉంది, మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతి.

నెలకి సుమారు 120 కొత్త చీరలు పెడతాం. చీరకి అయిదు ఫొటోలు, ఫోన్‌తో మేమే తీస్తాం. బయటికి ఇవ్వాలనుకుంటున్నవి: ఫొటోల ఎడిటింగ్, వెబ్‌సైట్‌లో తెలుగు, ఇంగ్లీషు లిస్టింగ్, వాట్సాప్‌లో జవాబులు, జీఎస్టీ, ఒక లోగో, పెట్టె మీద అంటించే లేబుల్. అన్నిటికీ కలిపి నెలకి 15,000 దాకా పెట్టగలం.

ఇవన్నీ ఒక్కరికే ఇవ్వడం మేలా, విడివిడిగానా? వెనక్కి వచ్చే చీరల్లో ఎక్కువ భాగం "ఫొటోలో రంగు వేరు" అనే వస్తున్నాయి. మంచి ఎడిటర్ దొరికితే అది తీరుతుందా? పాస్‌వర్డులు ఎంతవరకు ఇవ్వాలి? డబ్బు ముందా, పని అయ్యాకా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

ఫొటో టేబుల్

రేటు సంగతి తర్వాత, ముందు గంటలు లెక్కేయండి. 120 చీరలకి 600 ఫొటోలు. ఫొటోకి నాలుగు నిమిషాలనుకున్నా 40 గంటలు. లిస్టింగ్ చీరకి పది నిమిషాల చొప్పున 20 గంటలు. వాట్సాప్ రోజుకి రెండు గంటలు, 26 రోజులకి 52 గంటలు. మొత్తం 112. 15,000ని 112 గంటలకి పంచితే గంటకి 134 రూపాయలు పడుతుంది. లోగో, జీఎస్టీ కూడా అందులోనే రావాలి. ఆ డబ్బుకి అన్నీ చేసిపెడతామని ఎవరైనా ఒప్పుకుంటే ఏదో ఒక పని పాడవుతుంది. ముందు పాడయ్యేది ఫొటోలే, ఎందుకంటే ఒకే ఫిల్టర్ 600 ఫొటోల మీద ఒక్క నొక్కుతో వేసేసి పని అయిందనిపించొచ్చు. కాబట్టి ఒక్కరికే అన్నీ ఇవ్వకండి. ఎడిటింగ్ ఒకరికి, జీఎస్టీ ఇంకొకరికి, లోగో ఒక్కసారి పని కాబట్టి విడిగా. వాట్సాప్ చివరికి ఆలోచించండి.

ఎడిటింగ్ గంటలు తగ్గించే దారి ఉంది. అయిదు ఫొటోల్లో మొదటిది, కొంగు ఫొటో, ఈ రెంటికే పూర్తి ఎడిటింగ్ చేయించండి. అంచు, ఒంటి నేత, జాకెట్టు ముక్క ఫొటోలకి వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనపడేలా రంగులు సరిచేయడం), క్రాప్ చాలు. అప్పుడు 240 ఫొటోలకి 16 గంటలు, మిగతా 360కి అర నిమిషం చొప్పున 3 గంటలు. 40 గంటల పని 19కి దిగుతుంది. అయితే ఆ అర నిమిషం లెక్క నిలవాలంటే ఫొటోలన్నీ ఒకే వెలుతురులో తీసి ఉండాలి.

ఇక రంగు. ఎడిటర్ ఎంత మంచివాడైనా మీ చీర అసలు రంగు చూడలేదు. కిటికీ వెలుతురు, ట్యూబ్‌లైటు కలిసిన చోట తీస్తే చీరలో ఒక వైపు నీలం, ఒక వైపు పసుపు పడుతుంది. దాన్ని ఒక్క సెట్టింగుతో ఎవరూ సరిచేయలేరు. పైగా ఫోన్ ప్రతి ఫొటోకీ వైట్ బ్యాలెన్స్ తనంతట తనే మార్చుకుంటుంది. వంకాయ రంగు చీర ఫ్రేమంతా నిండితే దాన్ని కాస్త బూడిద వైపు లాగేస్తుంది. కాబట్టి మీ వైపు ఇవి చేయండి:

1. కిటికీ మూసేసి, ఒకే రకం ఎల్‌ఈడీ లైట్లు రెండు పెట్టండి. 5000 నుంచి 5600 కెల్విన్, సీఆర్‌ఐ (లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె) 95 పైన ఉన్నవి. సీఆర్‌ఐ తక్కువ లైటు కింద ఎరుపులు చచ్చిపోతాయి, మెరూన్, కుంకుమ రంగులకి తేడా తెలియదు.

2. లైట్లు చీరకి 45 డిగ్రీల కోణంలో, ముందు పల్చటి తెల్ల గుడ్డ అడ్డం కట్టి. ఎదురుగా పెడితే జరీ తెల్లగా కాలిపోతుంది. కాలిన చోట వివరం ఉండదు, ఎడిటర్ వెనక్కి తేలేడు. జరీ ఎక్కువున్న చీరకి ఎక్స్‌పోజర్ కొద్దిగా తగ్గించి తీయండి. చీకటిని తర్వాత లేపొచ్చు.

3. ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి వైట్ బ్యాలెన్స్, ఐఎస్ఓ, షట్టర్ మూడూ లాక్ చేయండి. డీఎన్‌జీ ఫైలు (కెమెరా పట్టిన ముడి ఫొటో) వస్తే అదే పంపండి. జేపెగ్‌లో వైట్ బ్యాలెన్స్ సరిదిద్దడానికి జాగా చాలా తక్కువ.

4. లైట్లు కదిపిన ప్రతిసారీ మొదటి ఫ్రేములో చీర మీద గ్రే కార్డు (రంగు సరిచూడ్డానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టి ఒక ఫొటో తీయండి. ఎడిటర్ దాని మీద ఒక్క క్లిక్ చేస్తే ఆ విడత మొత్తానికి వైట్ బ్యాలెన్స్ కుదురుతుంది.

5. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు, కుదించి పంపుతుంది. డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టండి.

ఎడిటర్‌కి రాతలో ఇవ్వాల్సినవి: చివరి ఫైలు వెబ్‌కి మామూలుగా వాడే రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీలోనే ఉండాలి (ఐఫోన్లలాంటివి డిస్‌ప్లే పీ3 అనే ఇంకో పద్ధతిలో తీస్తాయి. మార్చకుండా పెడితే కొన్ని స్క్రీన్ల మీద రంగు వాలిపోతుంది). పొడుగు వైపు 2000 పిక్సెళ్లు. నాయిస్ రిడక్షన్, స్మూతింగ్ వద్దు, నూలు పోగు కనపడకపోతే చేనేతకీ పవర్‌లూమ్‌కీ తేడా చూపించలేరు. నేపథ్యం తీసేసే ఆటోమేటిక్ టూల్స్ కొంగు కుచ్చుల్ని తినేస్తాయి కాబట్టి అక్కడ చేత్తో సరిచేయాలి. చిన్న గళ్ల చీరలకి ఇంకో చిక్కు: ఫొటో చిన్నది చేసేసరికి గళ్ల మీద ఇంద్రధనుస్సు చారలొస్తాయి. అది ఎడిటింగ్‌లో పూర్తిగా పోదు. కెమెరా దూరం ఒక అడుగు మార్చి మళ్లీ తీయడమే.

ఇవన్నీ చేసినా రాణి రంగు, నెమలికంఠం, ఆనంద బ్లూ ఎస్‌ఆర్‌జీబీలో పూర్తిగా పట్టవు. ఆ రంగులు స్క్రీన్ చూపించే హద్దు దాటి ఉంటాయి. అలాంటి చీరలకి పగటి వెలుతురులో పది సెకన్ల వీడియో కలపండి, లిస్టింగ్‌లో "అసలు రంగు దీనికంటే ముదురు" అని ఒక్క ముక్క రాయండి. ఏ ఎడిటర్ చేసే పనికన్నా అది ఎక్కువ రిటర్నులు ఆపుతుంది.

ఎడిటర్‌ని ఎంచుకోవడానికి పాత పనుల ఆల్బమ్ చూసి తేల్చుకోకండి. ముగ్గురికి ఒకే రెండు చీరలు ఇవ్వండి: ఒకటి నిండు జరీది, ఒకటి నేవీ బ్లూ లేదా నలుపు. డబ్బిచ్చే చేయించుకోండి, ఉచిత శాంపిల్ అడగొద్దు. వచ్చిన ఫొటోల్ని చీర పక్కనే ఫోన్ పెట్టి చూడండి. నలుపులో నేత గీతలు కనపడుతున్నాయా, జరీ పసుపు ముద్దయిపోయిందా అన్నది రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

లెక్కల పద్దు

జీఎస్టీ భాగం నేను చెప్తాను.

ఈ పనిని "డేటా ఎంట్రీ తెలిసిన అబ్బాయి"కి ఇవ్వకండి. సీఏకి గానీ, పోర్టల్‌లో నమోదైన జీఎస్టీ ప్రాక్టీషనర్‌కి గానీ ఇవ్వండి. ప్రాక్టీషనర్ అయితే మీ పాస్‌వర్డు ఇవ్వనక్కర్లేదు. మీ లాగిన్‌లో యూజర్ సర్వీసెస్ కింద ప్రాక్టీషనర్‌ని ఎంగేజ్ చేసుకునే సదుపాయం ఉంది, మానేస్తే అక్కడే డిస్‌ఎంగేజ్ చేస్తారు. అతను తన లాగిన్‌తో రిటర్ను తయారు చేస్తాడు.

అన్నిటికంటే ముఖ్యమైనది: పోర్టల్‌లో ఉన్న మొబైల్ నంబరు, ఈమెయిల్ మీవే అని ఇవ్వాళే చూసుకోండి. రిజిస్ట్రేషన్ చేయించిపెట్టినవాళ్లు సౌకర్యానికని తమ నంబరు వేసేయడం మామూలే. వాళ్లతో సంబంధం తెగిన రోజున ఓటీపీలు, నోటీసులు అటే పోతాయి. మీకు నోటీసు వచ్చినట్టే తెలియదు, గడువు దాటిపోతుంది.

మీది మూడు నెలల పద్ధతి కాబట్టి తేదీలు: జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు) త్రైమాసికం ముగిసిన తర్వాతి నెల 13, జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క) 22. మొదటి రెండు నెలలకీ పన్ను పీఎంటీ-06 చలానుతో తర్వాతి నెల 25లోగా కట్టాలి. చాలామంది మర్చిపోయేది ఈ 25నే. రిటర్ను ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు, నిల్ అయితే 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ అదనం.

ప్రాక్టీషనర్ ఎంత తెలివైనవాడైనా మీరిచ్చే షీటు సరిగా లేకపోతే తప్పే వేస్తాడు. వరసలు ఇవి: బిల్లు నంబరు, తేదీ, ఏ రాష్ట్రానికి వెళ్లింది, హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకం కోడ్), పన్ను ముందు విలువ, పన్ను, వెనక్కి వచ్చిందా, వస్తే క్రెడిట్ నోట్ (ఆ బిల్లు మొత్తం తగ్గిస్తూ రాసే పత్రం) నంబరు, తేదీ. రాష్ట్రం గడి ఎందుకంటే మంగళగిరి నుంచి గుంటూరు వెళ్తే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం, రాష్ట్రం వాటాలు), హైదరాబాద్‌కో బెంగళూరుకో వెళ్తే ఐజీఎస్టీ (రాష్ట్రం దాటిన అమ్మకాల పన్ను). పక్క ఊరే కదా అని హైదరాబాద్ ఆర్డర్‌ని లోకల్‌గా వేసేస్తే తప్పు పద్దులో పన్ను కట్టినట్టే, మళ్లీ సరైన పద్దులో కట్టి మొదటిది వాపసు అడగాలి. వెనక్కి వచ్చిన చీరలకి క్రెడిట్ నోట్ రాయకపోతే అమ్మని చీరకి పన్ను కడతారు.

మీరు ఫ్రీలాన్సర్లకి ఇచ్చే డబ్బు మీద కూడా కొన్ని విషయాలు:

సేవలు మాత్రమే చేసే ఫ్రీలాన్సర్‌కి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు బిల్లులో జీఎస్టీ వేయకూడదు. వేస్తే నంబరు పోర్టల్‌లో వెతికి చూడండి. అదే బయటి దేశం ఫ్రీలాన్సర్ అయితే లెక్క వేరు. మీకు రిజిస్ట్రేషన్ ఉంది కాబట్టి రివర్స్ చార్జ్ (అమ్మినవారికి బదులు కొన్నవారే పన్ను కట్టే పద్ధతి) కింద 18 శాతం మీరే కట్టాలి. క్రెడిట్ వస్తుంది గానీ ముందు నగదు రూపంలో కట్టాల్సిందే. అక్కడ లోగో చవగ్గా వస్తుందని వెళ్లేవాళ్లు ఈ 18ని లెక్కలోకి తీసుకోరు.

టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే కోసి కట్టే ఆదాయపు పన్ను): వ్యాపారం మీ ఒక్కరి సొంత పేరు మీద ఉండి, అంతకుముందు ఏడాది టర్నోవర్ కోటి దాటకపోతే ఈ చెల్లింపుల మీద కోయనక్కర్లేదు. భాగస్వామ్య సంస్థ అయితే టర్నోవర్ ఎంతైనా కోయాలి: కాంట్రాక్టు పనికి ఒక్క బిల్లు 30,000 గానీ ఏడాది మొత్తం లక్ష గానీ దాటితే, వృత్తి సేవల ఫీజు అయితే ఏడాదికి 50,000 దాటితే. మీది ఏ రకమో మీ సీఏని ఒక్క మాట అడగండి.

ఇంకొకటి. ఫ్రీలాన్సర్‌కి ఉద్యమ్ (చిన్న వ్యాపారాల) రిజిస్ట్రేషన్ ఉంటే రాత ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉన్నప్పుడు ఒప్పందంలో రాసుకున్న గడువులో, ఎంత రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇచ్చేయాలి. ఆలస్యమైతే వాళ్లకి వడ్డీ ఇవ్వాలి. పుస్తకాలు రాసి లాభం తేల్చే వ్యాపారమైతే, గడువు దాటి మార్చి 31కి బాకీ ఉన్న మొత్తం ఆ ఏడాది ఖర్చుగా కూడా పనికిరాదు.

అక్షరం డీటీపీ

లోగో, లేబుల్, తెలుగు లిస్టింగ్ గురించి.

మొదట హక్కు సంగతి. లోగో గీయించుకుని డబ్బిచ్చేస్తే అది మనదైపోయిందని అందరూ అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం గీసినవారే మొదటి హక్కుదారు. జీతం మీద పనిచేసే ఉద్యోగి గీస్తేనే యజమానికి వస్తుంది, ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. (డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకి మాత్రం, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారికే హక్కు.) హక్కు బదిలీ రాతలో ఉండి, ఇచ్చేవారి సంతకం ఉండాలి. ఆ రాతలో ఎన్నేళ్లకో చెప్పకపోతే చట్టం అయిదేళ్లే అనుకుంటుంది, ఏ ప్రాంతానికో చెప్పకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి కూడా చీరలు పంపాలనుకుంటే ఇది పట్టించుకోవాలి. బదిలీ చేసిన హక్కుని ఏడాదిలోపు వాడకపోతే చెల్లకుండా పోతుందన్న నియమం కూడా ఉంది, వేరేగా రాసుకుంటే తప్ప.

అందుకని బిల్లుతో పాటు ఒక్క పేజీ రాయించుకోండి. ఇలా ఉంటే చాలు: "ఈ లోగో, దాని అన్ని రూపాల కాపీరైటు పూర్తి కాలానికి, ప్రపంచమంతటికీ, ఫలానా మొత్తం అందుకుని ఫలానావారికి బదిలీ చేస్తున్నాను. ఇది నా సొంత సృష్టి. వాడకపోయినంత మాత్రాన ఈ బదిలీ రద్దు కాదు." తేదీ, సంతకం, కింద లోగో బొమ్మ. చివరి విడత డబ్బు ఈ కాగితం వచ్చాకే.

తీసుకోవాల్సిన ఫైళ్లు: ఇల్లస్ట్రేటర్ లేదా కోరల్‌డ్రా అసలు ఫైలు, ఎస్‌వీజీ, పీడీఎఫ్, వెనక నేపథ్యం లేని పీఎన్‌జీ. అక్షరాల్ని అవుట్‌లైన్ చేసిన (బొమ్మగా మార్చేసిన) కాపీ ఒకటి, చేయనిది ఒకటి. అవుట్‌లైన్ చేసినది ప్రెస్‌కి. చేయనిది రేపు అడ్రసు మార్చుకోవాలంటే కావాలి. ఫాంట్ పేరు, దాని లైసెన్సు కూడా అడగండి. జేపెగ్ ఒక్కటే చేతిలో పెట్టి వెళ్లిపోతే పెట్టె మీద పెద్దదిగా వేసిన రోజున పళ్లు పళ్లుగా కనపడుతుంది.

లేబుల్‌కి సీఎంవైకే (ప్రింటు రంగుల పద్ధతి), 300 డీపీఐ, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోత గీత దాటి అదనంగా వేసే రంగు). ప్రింటుకి ముందు ఒక్క కాపీ కాగితం మీద తీయించి, చదవడం వచ్చిన ఇంకొకరి చేత చదివించండి.

తెలుగులో రెండు చిక్కులు తప్పకుండా వస్తాయి. ఒకటి ఫాంట్ల ఎన్‌కోడింగ్. మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలామంది అను ఫాంట్లతో టైపు చేస్తారు. లేబుల్ ప్రింటుకి ఇబ్బంది లేదు. అదే అక్షరాల్ని కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే అర్థంలేని గుర్తులు వస్తాయి. లిస్టింగ్‌కి యూనికోడ్‌లోనే (ఏ ఫోన్‌లోనైనా చదవగలిగే టైపు పద్ధతి) కావాలని ముందే చెప్పండి, పాత మేటర్ ఉంటే మార్చి ఇమ్మనండి. మార్చాక వత్తులు, సున్నాలు ఒకసారి సరిచూడాలి, కన్వర్టర్లు అక్కడే తప్పుతాయి.

రెండోది ఫొటోషాప్‌లో వత్తులు విడిపోవడం. తెలుగు రాని డిజైనర్‌కి ఇస్తే "స్వచ్ఛమైన" అన్న మాట విరిగి వచ్చినా అతనికి తెలియదు. టైప్ సెట్టింగుల్లో దక్షిణాసియా భాషల లేఅవుట్ (కొత్త వెర్షన్లలో వరల్డ్-రెడీ లేఅవుట్) ఎంచుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క వాక్యం మీ పనుల పత్రంలో పెట్టండి.

లిస్టింగ్ రాసేవారికి ఊహకి తావివ్వొద్దు. చీర పొడవు, జాకెట్టు ముక్క పొడవు, వెడల్పు, నూలు కౌంటు, ఒంటికి ఏ నూలు, అంచుకి ఏ నూలు, జరీ రకం, అంచు ఎన్ని అంగుళాలు, ఉతికే పద్ధతి అన్నీ షీటులో మీరే నింపండి. ఖాళీ వదిలితే వాళ్లు అందంగా ఉంటుందని "స్వచ్ఛమైన పట్టు" అని రాసేస్తారు. సికో చీరకి అలా రాస్తే తిరిగిచ్చే హక్కు కొన్నవారికి ఉంది. 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవారు వెనక్కి తీసుకోనని అనకూడదు. రాసింది ఫ్రీలాన్సర్ అన్నది అక్కడ పనికిరాదు.

లిస్టింగ్ కోసం వెబ్‌సైట్ లాగిన్ కూడా ఇవ్వక్కర్లేదు. వూకామర్స్, షాపిఫై రెంటిలోనూ సీఎస్‌వీ ఫైలుతో (సాదా పట్టిక ఫైలు) సరుకు ఎక్కించొచ్చు. వాళ్లు షీటు నింపి పంపుతారు, మీరు చూసి ఎక్కిస్తారు. ఎక్సెల్‌లో సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" ఎంచుకోవాలి, మామూలు సీఎస్‌వీ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది.

ఆర్డర్ డెస్క్

వాట్సాప్, పాస్‌వర్డులు, డబ్బు గురించి.

వాట్సాప్ ఇచ్చేముందు ప్రశ్నల్ని విడగొట్టండి. "ఇంకా ఉందా", "కొలత ఎంత", "ఎన్ని రోజుల్లో వస్తుంది", "వేరే రంగుల్లో ఉందా" లాంటివి చాలా భాగం ఉంటాయి. బిజినెస్ యాప్‌లో క్విక్ రిప్లైలు 50 దాకా పెట్టుకోవచ్చు, కేటలాగ్‌లో 500 చీరలు పెట్టొచ్చు. ముందు ఇవి చేసుకుంటే రెండు గంటల పనిలో సగం మీ చేతిలోనే తీరిపోవచ్చు. ఆ తర్వాత మిగిలినదానికే మనిషిని పెట్టుకోండి.

సిమ్ ఉన్న ఫోన్ మీ దగ్గరే ఉండాలి. వాళ్లకి లింక్డ్ డివైజ్‌గా మాత్రమే ఇవ్వండి. అలా నాలుగు పెట్టుకోవచ్చు. మానేసిన రోజున మీ ఫోన్ నుంచి తీసేస్తే సరి. టూ-స్టెప్ పిన్, దాని రికవరీ ఈమెయిల్ మీవి. లింక్ చేసిన డివైజులో పాత చాట్లు కూడా కనపడతాయని గుర్తుంచుకోండి. కుటుంబ సంభాషణలు ఆ నంబరు మీద ఉండకూడదు.

వాళ్లు చెప్పకూడనివి రాసివ్వండి: తగ్గింపు, డబ్బు వాపసు, "ఫలానా రోజుకి తప్పకుండా వస్తుంది" అన్న మాట. ఈ మూడూ మీ నోటితోనే రావాలి. క్యూఆర్ కోడ్ మీరు పంపినదే వాడాలి. డబ్బు వచ్చిందా లేదా అన్నది కొన్నవారు పంపిన స్క్రీన్‌షాట్ చూసి కాదు, మీ బ్యాంకు ఖాతాలో చూసి మీరే చెప్పాలి. నకిలీ స్క్రీన్‌షాట్ తయారు చేయడం నిమిషం పని, జవాబిచ్చే ఫ్రీలాన్సర్‌కి మీ ఖాతా కనపడదు కాబట్టి నమ్మేసి పార్సిల్ కట్టమంటాడు.

కొన్నవారి పేర్లు, అడ్రసులు, ఫోన్ నంబర్లున్న ఎక్సెల్ మొత్తం ఎవరికీ పంపకండి. ఏ ఆర్డర్‌కి కావాల్సింది ఆ ఆర్డర్‌కి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం మీ తరఫున పని చేసేవారి చేతిలో సమాచారం బయటపడినా బాధ్యత మీదే.

డొమైన్, హోస్టింగ్, ఇన్‌స్టాగ్రామ్, గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అన్నీ మీ ఈమెయిల్‌తో, మీ కార్డుతో ఉండాలి. పనిచేసేవారికి మేనేజర్ హోదా ఇవ్వొచ్చు, ఓనర్ హోదా కాదు. వెబ్‌సైట్ చేసిపెట్టినవారు డొమైన్‌ని తమ ఖాతాలో కొంటే, రెన్యువల్ రోజున మీ దుకాణం తాళం వాళ్ల చేతిలో ఉన్నట్టే.

డబ్బు: నెలవారీ ఎడిటింగ్‌కి విడతలు చేయండి. 20 చీరలు ఒక విడత. మొదటి విడతకి సగం ముందు, సగం ఫైళ్లు అందాక. తర్వాత నుంచి విడత అందిన మూడు రోజుల్లో మొత్తం. సవరణల మాట ముందే తేల్చుకోండి. పత్రంలో రాసినదానికి భిన్నంగా వస్తే ఉచితంగా మళ్లీ చేయాలి. మీరు మనసు మార్చుకుంటే దానికి వేరే డబ్బు. ఈ గీత గీయకపోతే మంచి ఎడిటర్లు రెండో నెలలోనే ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఫైవర్, అప్‌వర్క్ లాంటి చోట్ల మీ డబ్బు పని అయ్యేదాకా మధ్యలో ఉంటుంది, అది రక్షణే. కానీ గడువు చూసుకోవాలి. ఫైవర్‌లో పని అందించాక మూడు రోజులు మీరు పలకకపోతే ఆర్డర్ పూర్తయినట్టే లెక్క. అప్‌వర్క్ ఫిక్స్‌డ్ ప్రైస్ పనుల్లో 14 రోజులు. ఫైవర్ పనిచేసినవారి దగ్గర 20 శాతం తీసుకుంటుంది, అది ధరలో కలిసే ఉంటుంది. చీరల ఎడిటింగ్‌కి అక్కడిదాకా వెళ్లక్కర్లేదు. విజయవాడ, గుంటూరులో పెళ్లి ఆల్బమ్‌లు చేసే ఎడిటర్లకి జరీ, పట్టు రంగులు అలవాటే, ముహూర్తాలు లేని నెలల్లో వాళ్లకి తీరిక ఉంటుంది. ముహూర్తాల నెలల్లో మాత్రం మీ పని వెనక్కి పోతుంది. శ్రావణం, దసరా సరుకు ఫొటోలు కనీసం మూడు వారాల ముందే వాళ్ల చేతిలో పడాలి.

మగ్గం అంచు

చాలా వివరంగా చెప్పారండీ, అందరికీ ధన్యవాదాలు. గ్రే కార్డు, లైట్లు తెప్పిస్తున్నాం. జీఎస్టీలో నంబరు మాదే ఉంది, చూసుకున్నాం.

ఇంకో రెండు. ఒక ఎడిటర్ చీర ఫొటో ఇస్తే ఏఐతో మోడల్‌కి కట్టినట్టు చేసి ఇస్తానంటున్నారు, ఫొటోగ్రాఫర్, మోడల్ ఖర్చు లేదంటున్నారు. తీసుకోవచ్చా? రెండోది, ఎడిటర్ మధ్యలో మానేస్తే పని ఆగకుండా ఏం పెట్టుకోవాలి?

ఫొటో టేబుల్

ఏఐ మోడల్ ఫొటోని చీర ఎలా ఉంటుందో చూపే ఫొటోగా పెట్టొద్దు. అవి చీరని కట్టవు, కొత్తగా బొమ్మ గీస్తాయి. అంచు వెడల్పు మారుతుంది, బుటాల సంఖ్య మారుతుంది, మంగళగిరి అంచులోని సన్నని నేత గీతలు చెదిరి వేరే డిజైన్ అయిపోతుంది. కొంగు గీతలు కుచ్చిళ్లలోకి వచ్చేస్తాయి. పైన చెప్పిన ఈ-కామర్స్ నియమం ఇక్కడ సూటిగా వర్తిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో దృష్టి పడేందుకు వాడాలనుకుంటే ఫొటో మీదే "ఏఐ బొమ్మ" అని రాసి, పక్క ఫొటోగా అసలు చీర పెట్టండి. దానికన్నా ఇంట్లో ఎవరైనా కట్టుకున్నప్పుడు అదే లైట్ల కింద మెడ దాకా తీసిన ఫొటో వంద రెట్లు మేలు. కట్టుకుంటే మడతలు ఎలా నిలుస్తాయో అందులో తెలుస్తుంది.

మానేస్తే: ఫైలు పేర్లకి ఒకే పద్ధతి ఉంటే సగం గండం గడిచినట్టే. చీర నంబరు, గీత, ఫొటో నంబరు. 0412-1 మొదటి ఫొటో, 0412-2 ఒంటి నేత, 3 అంచు, 4 కొంగు, 5 జాకెట్టు ముక్క. ఈ వరస ఎప్పుడూ మారకూడదు. డ్రైవ్ ఫోల్డర్ మీ ఖాతాలో ఉండి, వాళ్లకి చూసే అనుమతి ఉండాలి. వాళ్ల ఖాతాలోని ఫోల్డర్ మీకు షేర్ చేస్తే వాళ్లు తీసేసిన రోజున మీకూ పోతుంది. లోపల మూడు ఫోల్డర్లు: అసలు, పని జరుగుతున్నవి, పూర్తయినవి. "అసలు"కి చూసే అనుమతి మాత్రమే, మిగతా రెంటికీ ఎడిట్ అనుమతి. ప్రతి విడతతో పాటు వాళ్లు వాడిన లైట్‌రూమ్ ప్రీసెట్ ఫైలు (ఎడిటింగ్ సెట్టింగులు దాచినది) కూడా పెట్టమనండి, ఒప్పందంలోనే రాయండి. కొత్తవారికి ఆ ప్రీసెట్, గ్రే కార్డు ఫొటో, పూర్తయిన పది చీరలు ఇస్తే మొదటి విడతలోనే పాత రంగుకి దగ్గరగా వస్తారు.

మీరు శాంపిల్ ఇచ్చిన ముగ్గురిలో రెండో స్థానంలో ఉన్నవారికి నెలకి ఒక విడత ఇస్తూ ఉండండి. ఆయనకి మీ పని గుర్తుంటుంది, మీకు పండగల ముందు ఇంకో చెయ్యి ఉంటుంది. ఇద్దరి ఫొటోలూ వెబ్‌సైట్‌లో పక్కపక్కన పెట్టి చూస్తే రంగులో తేడా వస్తోందా అన్నది కూడా అప్పుడే బయటపడుతుంది.

మగ్గం అంచు

సరేనండీ. ముందు రెండు చీరల శాంపిల్‌తో మొదలుపెడతాం. నిండు జరీది కనకాంబరం రంగుది ఒకటుంది, ఇంకోటి నేవీ బ్లూ చిన్న గళ్లది తీస్తాం. అందులో ఆ చారల సంగతి కూడా తేలిపోతుంది.